నలభై మాటలు

మా వంటింటి బల్ల మీద ఏడు నెలలుగా
ఒక జలాంతర్గామి పడుకుని ఉంది.
మేం ఒళ్లో పళ్లేలు పెట్టుకుని తింటున్నాం.

అసలుదాన్ని డెబ్బై రెండు వంతులు చేస్తే ఇదొక వంతు.
ఈ లెక్కలో మనిషంటే వేలి కణుపు,
సముద్రం మా స్నానాలతొట్టి.
సెడ్రిక్ మాత్రం ఏ లెక్కకీ లొంగడు,
మోచేతుల దాకా జిగురు, కనుబొమల్లో చెక్కపొట్టు.

బారో రేవులో ముప్పై ఒక్కేళ్లు అతని పని
ఓడ ఒంటికి రబ్బరు పలకలు అంటించడం.
శత్రువు చెవికి చిక్కకుండా చప్పుడు మింగే పలకలు.
పక్కన సుత్తులు రేయింబవళ్లు మోగుతుంటే
నిశ్శబ్దాన్ని అంటిస్తూ అంటిస్తూ
తన చెవులు రెండూ అక్కడే పారేసుకొచ్చాడు.
టీ అని కేకేస్తే టైము చెబుతాడు.

ఇప్పుడు పాత సైకిల్ ట్యూబులు కోసి
గోటిలో పావు వంతు ముక్కలు,
పట్టకారుతో ఒక్కొక్కటే.
నాలుగు వేల రెండొందలు, నిన్న సాయంత్రానికి.
వాల్నీ వంతెన మీది గాలి కిటికీలో దూరి
ఒక వరసంతా ఎగరేసుకుపోయిన రోజు
అతను తిట్టిన తిట్లు చర్చికి పనికిరావు.

తోక దగ్గర పంకా మాత్రం చెయ్యలేదు.
గుడ్డముక్క చుట్టి దారంతో కట్టాడు.
ఎన్ని రెక్కలని అడిగితే
"సంతకం పెట్టాను" అన్నాడు.
కంపెనీ ఎప్పుడో మరిచిపోయిన సంతకం,
దానికింకా కాపలా కాస్తున్నాడు, పొయ్యి పక్కన.

మా కోలిన్ ఆ అసలుదాంట్లోనే తిరిగాడు, వంటవాడిగా.
వాళ్ల నాన్న అంటించిన నిశ్శబ్దం లోపల
నూటపదహారు మందికి గుడ్లు వేయించాడు.
ఎక్కడున్నాడో చెప్పరు. ఎప్పుడొస్తాడో చెప్పరు.
ఇంటివాళ్లకి వారానికి నలభై మాటలిచ్చారు,
ఇటు నుంచి అటు మాత్రమే.
నూతిలో రాయి వేసి
చప్పుడు కోసం వారమంతా ఆగినట్టు.

చెడు కబురు రాస్తే ఆఫీసులోనే ఆపేస్తారు.
లోపలివాడు కుదేలైతే
తలుపు తీసుకుని కాసేపు బయటికి రాలేడుగా.
అందుకని పెప్పర్ పోయిన వారం
"పెప్పర్ కులాసా" అని రాశాను.
పై వారం, "పెప్పర్ రొట్టె దొంగిలించింది."
పోయిన కుక్కని తొమ్మిది వారాలు మేపాను
వేళ్ల మీద మాటలు లెక్కపెట్టుకుంటూ.
గట్టు ఎక్కిన రోజు కోలిన్ గొలుసు పట్టుకుని
పిలుచుకుంటూ పెరట్లోకి వెళ్లాడు.
ఆ పిలుపు సెడ్రిక్‌కి వినబడలేదు.

ఇదంతా పాతమాట. వాడికిప్పుడు ప్లిమత్‌లో
తివాచీల కొట్టు, మోకాళ్ల నొప్పులు, రెండు పిల్లులు.
ఆదివారాలు ఫోను చేస్తాడు, మాటలకి లెక్క లేదు,
వాతావరణం గురించి చెప్పుకుంటాం.

నిన్న రాత్రి పైచెక్క మూయబోయే ముందు
ఒక చీటీ రాసి, వంటగది ఉండే చోట దూర్చాను.

"కోలిన్, పెప్పర్ మార్చి తొమ్మిదిన పోయింది.
మెట్ల కింద, నీ పాత స్వెట్టర్ మీద.
నొప్పి పడలేదు.
నాన్నే గొయ్యి తవ్వాడు, టీ ముట్టకుండా రోజంతా కూర్చున్నాడు.
నేను అబద్ధాలు రాశాను.
రొట్టె దొంగిలించింది నేనే, అర్ధరాత్రి, ఆకలేసి కాదు.
ఇంట్లో ఎవరో తిరిగిన చప్పుడు కావాలనిపించింది.
ఇక మాటలు అయిపోయాయి. ఉంటాను, అమ్మ."

లెక్క సరిపోయింది. పాత అలవాటు.

పొద్దున తొట్టిలో నీళ్లు నింపి దింపితే
ముక్కు కిందికి వాలింది.
సెడ్రిక్ పైకి తీశాడు, తుడిచాడు, త్రాసులో పెట్టాడు.
రెండు గ్రాములు ఎక్కువ.
నా వైపు చూశాడు.
ఏమీ అడగలేదు.
పొట్ట కింద బిగించిన సీసపు గుండు ఊడదీసి
ఆకురాయి అందుకున్నాడు.
రెండు గ్రాములు అరిగేదాకా
గరగరమని ఆ చప్పుడు
ఇల్లంతా తిరిగింది.